నల్ల శుక్రవారము: పేరు వెనుక సత్యము

ధ్యానమునకు: నిర్గమకాండము 23:1



అమెరికా దేశమున నవంబరు నెల నాలుగవ గురువారము కృతజ్ఞతార్పణ పండుగ. దాని మరునాడు అంగళ్లలో ధరలు తగ్గించి విస్తారముగా అమ్మకములు జరుపుదురు. ఆ దినమును ‘బ్లాక్ ఫ్రైడే’, అనగా నల్ల శుక్రవారము అందురు. ఇప్పుడా పేరు మన పట్టణపు అంగళ్ల ప్రకటనలలోను కనబడుచున్నది. ఇది మనము ఆచరించు శుభ శుక్రవారము కాదు. మరి సంతోషముతో సరకులు కొను దినమునకు నలుపు పేరేల?

వర్తకులు చెప్పు కథ ఒకటి కలదు. పద్దు పుస్తకములో నష్టము ఎఱ్ఱ సిరాతోను, లాభము నల్ల సిరాతోను వ్రాయుదురు. ఆ దినమున అంగళ్లు లాభములోనికి వచ్చును గనుక ఆ పేరు కలిగెనట. వినుటకు ఇంపుగానే యున్నది. అయితే ఈ కథ 1980ల ఆరంభమున వ్యాపించినది. పేరు అంతకు ముందే యున్నది.

రెండవ కథ: పూర్వము ఆ దినమున బానిసలను తక్కువ వెలకు అమ్మిరట. ఇదియు నిజము కాదు. అచ్చట బానిసత్వము 1865లో రద్దయినది. పండుగ మరునాటికి ఈ పేరు 1950ల నుండియే కనబడుచున్నది.

దానిని వాడుకలోనికి తెచ్చినవారు ఫిలడెల్ఫియా నగర పోలీసువారు. సరకులు కొనువారును, శనివారపు సైనిక, నావికాదళముల ఫుట్‌బాల్ పందెము చూడవచ్చువారును వీధులు నింపగా, సెలవు లేక దీర్ఘకాలము నిలువుకాళ్లపై పనిచేసిన ఆ మనుష్యులు విసిగి దానిని నల్ల దినమనిరి. వర్తకులు 1961లో ‘బిగ్ ఫ్రైడే’ అని మార్చజూచిరి గాని సాగలేదు. పేరు మారలేదు, తరువాత దాని అర్థమును మార్చిరి.

ఇందులో హాని యేమని అడుగుదురేమో. మొదటి కథ లాభమును చూపి, పనివాని అలసటను కప్పివేయుచున్నది. 2008లో న్యూయార్కు సమీపమున ఆ శుక్రవారము తెల్లవారుజామున జనము ఒక అంగడిలోనికి త్రోసికొని రాగా, అచ్చటి పనివాడొకడు త్రొక్కబడి మరణించెను. రెండవ కథ చెప్పువారి ఉద్దేశము మంచిదే కావచ్చును. బానిసల కన్నీరు నిజము; ఆ నిజమునకు అబద్ధపు సాక్ష్యము అక్కరలేదు. అబద్ధము బయటపడిన నాడు జనులు నిజమైన బాధను సహితము శంకింతురు.

కాబట్టి ఒక మాట వినినప్పుడు, ఇది ఇంపుగా నున్నదా, మన పక్షముగా నున్నదా అని కాక, ఇది నిజమా అని అడుగుదము. ఫిలదెల్ఫియ అను పేరు మనము ప్రకటన గ్రంథములో చదువుచున్నదే; సహోదర ప్రేమ అని దాని అర్థము. చౌక వెల చూచి ఆనందించునప్పుడు, ఆ సరకు వెనుక నిలువుకాళ్లపై నున్న సహోదరుని మరువకుందుము గాక.