కాదనలేని చేతి మర్యాద

హోమ్‌స్టేల ప్రకటనలు చదవడం ఈమధ్య నాకో అలవాటైంది. అరకు నుంచి కూర్గు దాకా అన్నిటిదీ ఒకటే భాష. గది అద్దె ఎంతో, పొద్దున టిఫిను ఏమిటో చెప్పాక, సొంత ఇంట్లో ఉన్నట్టే ఉంటుందనీ, అమ్మ చేతి వంట దొరుకుతుందనీ ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. ఆ తర్వాత చిన్న చిన్న వస్తువుల వరస. మంచం పక్కన మూతపెట్టిన రాగి చెంబు, మడత విప్పని తువ్వాలు, తెచ్చుకోవడం మరిచిపోయిన వాళ్ళ కోసం కొత్త బ్రష్షు, రాత్రి ఆలస్యంగా దిగేవాళ్ళకు ఫ్లాస్కులో వేడి పాలు. వీటన్నిటినీ కలిపి ‘శ్రద్ధ’ అంటారు. ఆ శ్రద్ధ ఎవరిదో మాత్రం రాయరు.

కేంద్ర పర్యాటక శాఖకు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ఒకటుంది. ఇల్లుగలవాళ్ళ కుటుంబం అదే ఇంట్లో కాపురముండాలి. గదులు ఆరుకు మించకూడదు. గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. అల్మారా, హ్యాంగర్లు, చెత్తబుట్ట, వేడినీళ్ళు అన్నీ సరిచూసే పట్టిక ఉంది. నేను ‘కుటుంబం’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. హోటల్లో పక్కదుప్పట్లు మార్చే మనిషికి ఎంత తక్కువైనా ఒక జీతం ఉంటుంది, పని ముగిసే వేళ ఉంటుంది. ఇక్కడ ఆ పని కుటుంబం చేస్తుంది. కుటుంబంలో ఎవరు అన్నది పట్టికకు అక్కర్లేదు.

గదిలో ఏమేం పెట్టాలన్నది కాదు నా ప్రశ్న. కాదనడానికి వీల్లేని మనిషి చేసే మర్యాదను సుగుణమని పిలవొచ్చా? ఇవ్వకుండా ఉండగలిగీ ఇచ్చినప్పుడే కదా దాన్ని ఇవ్వడం అంటాం.

అతిథుల ఫిర్యాదులు మా పల్నాడుకు కొత్త కాదు. శ్రీనాథుడివని చెప్పుకునే చాటుపద్యాలు ఒకరకంగా బస గురించి రాసిన సమీక్షలే. నీళ్ళు లేవు, రాళ్ళున్నాయి, తేళ్ళున్నాయి, ఎటు చూసినా జొన్నకూడు. ఒక పద్యంలో ఏకంగా కృష్ణుడికే సవాలు విసురుతాడు. పూతన పాలు తాగావు, కార్చిచ్చు మింగావు, సరే, చింతాకు వేసి ఉడికించిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద దిగమింగి చూపించమంటాడు. ఆ పద్యానికి మనమంతా నవ్వుతాం. నేనూ నవ్వాను, పాఠం చెప్పేటప్పుడు విద్యార్థుల్నీ నవ్వించాను. కానీ నీళ్ళు లేని ఊళ్ళో ఆ కూర ఉడకడానికి నీళ్ళెవరు మోశారు? జొన్నలు ఎవరు దంచారు? చింతాకు ఎవరు దూశారు? ఉన్నదాంట్లోనే ఆకుకూర వెతికి, పులుపు వేసి, వచ్చినాయన ముందు పెట్టిన మనిషి పద్యంలో లేదు. ఆమె వంట మాత్రమే ఉంది, వెక్కిరింతగా.

అదే శ్రీనాథుడు ‘హరవిలాసం’లో చిరుతొండనంబి కథ చెప్పాడు. జంగమ వేషంలో వచ్చిన శివుడు అడిగితే కన్నకొడుకును వండిపెట్టిన ఇల్లు అది. చివర్లో బిడ్డ తిరిగొస్తాడు, భక్తి గెలుస్తుంది. వండింది తల్లి. ఆమె కాదని ఉంటే కథే లేదు. అందుకే కాబోలు, కాదనే చోటు కథలో ఆమెకు దొరకదు. ఆతిథ్యం మీద డెరిడా చేసిన ప్రసంగాలు బైబిల్లోని ఇలాంటి కథల దగ్గరే ముగుస్తాయి. ఇంటికొచ్చిన వాళ్ళను కాపాడటానికి లోతు తన కూతుళ్ళను గుంపుకు అప్పగిస్తానంటాడు. ఆతిథ్య ధర్మానికి పరీక్ష పెట్టినప్పుడల్లా పణంగా పెట్టేది ఎవరినో తెలుసుకోవడానికి మనం అంతదూరం పోనక్కర్లేదు గానీ, పోతే అక్కడా అదే కనిపిస్తుంది.

మా పెద్దమ్మది ఈపూరు. శివరాత్రి వస్తోందంటే ఇల్లంతా సున్నం కొట్టించి, ట్రంకు పెట్టెలోంచి నాఫ్తలిన్ ఉండల వాసన కొట్టే దుప్పట్లు తీసి ఎండలో వేసేది. కోటప్పకొండ తిరునాళ్ళకు పోయే చుట్టాలంతా ఆ ఇంట్లోనే దిగేవాళ్ళు. రాత్రి జాగారం చేసి తెల్లారి వచ్చేవాళ్ళకు కాళ్ళకు నీళ్ళు, వేపపుల్లలు, కొత్త సబ్బు, ఉతికిన తుండ్లు సిద్ధంగా ఉండేవి. మజ్జిగలో ఉప్పు వేసుకోని బాబాయికి వేరే గ్లాసు. “ఏం కావాలని అడిగి పెడితే మర్యాద ఏముందే అమ్మాయ్? అడక్కముందే పెట్టాల” అనేది. అడక్కముందే పెట్టాలంటే ఇరవైమంది అలవాట్లు బుర్రలో మోయాలి. ఆ మోతకు మనకింకా సరైన పేరు లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె స్వయంగా ప్రభలు చూసింది రెండుసార్లు.

ఆమె ఎవరింట్లోనైనా అతిథిగా ఉందా? మా ఇంటికి వచ్చిన గంటలో కత్తిపీట ముందేసుకుని కూర్చునేది. ఆడవాళ్ళు చుట్టపుచూపుగా వెళ్ళినా చెంగు దోపుకుని వంటింట్లోకి నడవాల్సిందే, లేకపోతే ‘మహారాణిలా కూర్చుంది’ అంటారు. ఇల్లు ఆమె పేరున ఉండదు కాబట్టి ఆతిథ్యం ఇచ్చేది ఆమె కాదు. పని చేయకుండా కూర్చోలేదు కాబట్టి పుచ్చుకునేదీ ఆమె కాదు. వసారా పక్కన వచ్చేవాళ్ళ కోసం తుడిచి పెట్టిన గది ఏడాదిలో పదినెలలు ఖాళీగా ఉన్నా, మధ్యాహ్నం నడుం వాల్చడానికి ఆమె వంటింటి గచ్చు మీదే కొంగు పరుచుకునేది.

పెదనాన్న పోయాక మేడ మీద గది అద్దెకిస్తానంది. ఊరికి బదిలీ మీద వచ్చే టీచర్లకు, బ్యాంకు వాళ్ళకు పొద్దున టిఫినుతో సహా. కొడుకులకు నామోషీ అయింది. నలభై ఏళ్ళు ఊరికే చేస్తే పరువు, దానికే డబ్బు తీసుకుంటే పరువు తక్కువ. ప్రేమను అమ్ముకోవడమేమిటని మన సాహిత్యంలోనూ తేలిగ్గా అనేస్తాం. నాకలా అనిపించలేదు. “టిఫిను ఎనిమిదింటి లోపల. తర్వాత పొయ్యి ఎలిగించేది లేదు” అని ఆమె అన్నప్పుడు గొంతులో ఉన్న హుషారు నేను మునుపెన్నడూ వినలేదు. ధర పలికినందువల్ల మర్యాద చెడలేదు, దానికొక హద్దు వచ్చింది. నీ ఇల్లు, నీ ఇష్టం పెద్దమ్మా అన్నాను.

“అయితే వచ్చినోళ్ళని మీరేవిట్లని అడుగుతా” అంది.

నేను ఊహించని చోట కాదది. నరసరావుపేటలో ఇల్లు అద్దెకు అడిగితే ఇప్పటికీ పేరు తర్వాత వచ్చే ప్రశ్న అదే. శ్రీశైలంలో కులానికో సత్రం. ఈపూరుకు పొరుగునే ఉన్న వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, ‘గబ్బిలం’లో ఒక అంటరాని మనిషి గుడిసెకు రాత్రిపూట గబ్బిలాన్ని రప్పించాడు. దేవుడితో తన గోడు చెప్పుకోవడానికి ఆ మనిషికి గడప దాటి వచ్చిన ప్రాణి అదొక్కటే. కాదనే హక్కు అని మనం స్త్రీల తరఫున అడుగుతున్నది, ఈ దేశంలో గడపల దగ్గర చాలాకాలంగా అమలవుతున్న హక్కే. రాజ్యాంగం 15(2) అధికరణం కులం పేరుతో హోటళ్ళలోకి రానీయకపోవడాన్ని నిషేధించింది. అక్కడ రాసింది హోటళ్ళని. ఇల్లని లేదు. డబ్బు తీసుకునేటప్పుడు హోటలు, మనిషిని ఎంచుకునేటప్పుడు ఇల్లు. హోమ్‌స్టే అనే మాటలో ఈ వెసులుబాటు ఉందని నా అనుమానం.

పెద్దమ్మతో వాదించాను. అలసిపోయాను, ఇవాళ వండను అనడం వేరు, నువ్వు ఫలానా కాబట్టి రావద్దు అనడం వేరు. మొదటిదాంట్లో ఆమె తన ఒంటి గురించి మాట్లాడుతోంది, రెండోదాంట్లో ఎదుటివాళ్ళ పుట్టుక గురించి. మొదటి హక్కు ఆమెకు ఎన్నడూ లేదు. రెండోది మాత్రం ఇంటి పరువుతో పాటు ఆమె చేతికి ఎప్పుడో అందింది. ఎవరి పళ్ళెం ఎక్కడ పెట్టాలో, పెరట్లోకి వచ్చిన వాళ్ళకు నీళ్ళు పైనుంచి ఎలా పొయ్యాలో ఆమెకు నేర్పిన వాళ్ళే, ఆ చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదనీ నేర్పారు. ఇదంతా ఇంత వివరంగా ఆమెతో అనలేదు. “మరి ఇల్లు నాదన్నావుగా?” అంది ఆమె. నాదన్నానే గానీ, గది అద్దెకని వీధి గోడకు బోర్డు పెట్టిన మరుక్షణం ఆ గది వీధికి కూడా కొంత చెందుతుందన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

బోర్డు రాయించాం. అద్దె ఎంతో ఒక వరస, టిఫిను వేళ ఒక వరస, డబ్బు ఆమె ఖాతాలోనే వేయాలని ఒక వరస. కొడుకులు మూడోదాని మీద గొడవపడి ఊరుకున్నారు. ‘అందరికీ’ అని నాలుగో వరస రాయించాలని నేను, అక్కర్లేదని ఆమె. రంగు ఆరిపోయిన బోర్డు కింద జానెడు ఖాళీతో వసారాలో గోడకు ఆనించి ఉంది. గదిలో కొత్త తువ్వాలు, మూతపెట్టిన చెంబు ఎప్పుడో సర్దేసింది.