కొట్టం నేల

కర్నూలు ఊరి చివర ఇద్దరు అన్నదమ్ములు, తండ్రి వదిలిపోయిన స్థలాన్ని చెరిసగం పంచుకుని పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. ప్లాను ఒకటే, మేస్త్రీ ఒకడే. కారు పెట్టుకునే చోటు రెండిళ్ళకీ పదడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు. అంటే 180 చదరపుటడుగులు, సరిగ్గా 20 గజాలు. ఇల్లు ఆ దశకు వచ్చేసరికి ఎవరికైనా చేతిలో డబ్బాడదు. అయినా కిందామీదా పడి ఆ నేల కోసం చెరో 45 వేలు పక్కన పెట్టుకున్నారు.

అన్న నేరుగా టైల్స్ షాపుకు వెళ్ళాడు. అక్కడ దీపాల వెలుగులో నిలబెట్టిన రెండడుగుల టైలు ఒకటి ఆయన కళ్ళను కట్టిపడేసింది. నల్లగా, అద్దంలా ఉంది. వంగి చూస్తే మొహం కనిపించింది. అడుగు 110 రూపాయలు. కోతల్లో వృథా పోయేదానికి పదిశాతం కలిపి 198 అడుగులు రాయించుకున్నాడు. బిల్లు చేతికొచ్చాక గానీ 18 శాతం జీఎస్టీ గుర్తు రాలేదు. టైల్స్‌కే దాదాపు 25,700 అయ్యాయి. పరిచే కూలీ, ఇసుక, సిమెంటు కలిపితే 40 వేలకు చేరింది. మిగిలిన ఐదువేలతో కిందిపని కానివ్వమన్నాడు.

మేస్త్రీ తలగోక్కున్నాడు. వీళ్ళ తండ్రి దగ్గరా పనిచేసిన మనిషి ఆయన. ఊరి వరసతో ఇద్దరూ మామా అని పిలుస్తారు.

"అది నింపుడు మట్టి నాయనా. ఇంకా దిగుతాది. దిమ్మిస కొట్టాల, గరుసు పోయాల, నాలుగంగుళాల కాంక్రీటన్నా పడాల. ఐదువేలకు ఏమొస్తాది?"

"కింద ఏముందో ఎవరు చూస్తారు మామా? నువ్వు కానీ."

మేస్త్రీ కానిచ్చాడు. మిగిలిన ఇటుక ముక్కలు పరిచి, పైన రెండంగుళాల పలచని కాంక్రీటు పోసి, మూడోరోజే టైల్స్ అతికించేశాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా ఆ నేల చూసి ముచ్చటపడ్డారు. నిజానికి ముచ్చటపడేలాగే ఉంది.

తమ్ముడూ ఆ టైలే తెచ్చుకునేవాడు. షాపుకు బయల్దేరిన రోజు తల్లి వాకిట్లో కూర్చుని చింతకాయలు దంచుతోంది. రోకలి ఆపి అడిగింది.

"యాడికి నాయనా?"

"బండలకమ్మా. కారు పెట్టే కాడ పరచాల గదా."

"మీ నాయన కొట్టంలో బండలు పరిచేముందు అంగడికి పోలేదురా. ఎద్దుల కాడికి పోయినాడు."

అతనికి అర్థం కాలేదు. ఆమె చెప్పుకుపోయింది. రెండురోజులు ఆయన కొట్టంలోనే మంచం వేసుకున్నాడు. ఎద్దులు ఏ పక్కకు తిరిగి నిలబడుతున్నాయి, గిట్టలు ఎక్కడ నేలను తవ్వుతున్నాయి, పంచితం ఎటు పారుతోంది, ఎక్కడ మడుగు కడుతోంది, అన్నీ చూసుకున్నాడు. ఆ తర్వాతే బేతంచెర్ల నుంచి నాపబండలు తోలించాడు. నున్నటి వైపు కిందికి, గరుకు వైపు పైకి వేయించాడు. చూసినవాళ్ళు నవ్వారట, తిరగేసి పరిచావేమిటని. "ఎద్దు జారి కాలిరిగితే నా సేద్యం మీరు చేస్తారా" అన్నాడట. తలాపు నుంచి తోక వైపుకు వాటం పెట్టి, చివర కాలువ తీయించాడు.

"ఇప్పుడు నీ ఎద్దు ఆ కారే గదా. పోయి దాన్ని చూడు ముందు," అని రోకలి అందుకుంది తల్లి.

తమ్ముడు ఆ పూట షాపుకు వెళ్ళలేదు. మధ్యాహ్నం బయట తిరిగొచ్చిన కారును వేపచెట్టు కింద ఆపి, పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. ఏసీ నీళ్ళు బొట్లు బొట్లుగా ఒకేచోట కారుతున్నాయి. ఇంజను కింద మట్టిలో అరచేతి మేర నల్లటి నూనె మరక. టైరు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఆ బండి బరువు దగ్గరదగ్గర టన్ను. అదంతా నాలుగు అరచేతులంత జాగాలోనే నేలను నొక్కుతోంది. అంటే ఒక్కో చక్రం కింద పావుటన్ను, అదీ రోజూ అదే గీత మీద. ఈ నాలుగూ కాగితం మీద రాసుకున్నాడు: నీళ్ళు, నూనె, వేడి, బరువు.

అప్పుడు మేస్త్రీని పిలిచి లెక్క కింది నుంచి రాయించాడు. నింపుడు మట్టిని పొరలు పొరలుగా నీళ్ళు పోసి దిమ్మిస కొట్టి, పైన గరుసు వేయడానికి 7 వేలు. నాలుగంగుళాల మందాన కాంక్రీటు అంటే 60 ఘనపుటడుగులు. పద్నాలుగు బస్తాల సిమెంటు, ఇసుక, కంకర, కూలీ కలిపి 15 వేలు. గేటు వైపుకు రెండంగుళాల వాటం. ఆ వాటం ఈ కాంక్రీటులోనే రావాలని, పైన బండలతో సరిచేద్దామంటే కుదరదని మేస్త్రీ గట్టిగా చెప్పాడు. ఏడు రోజులు మడి కట్టి నీళ్ళు నిలిపారు. పైకి బేతంచెర్ల బండే ఎంచుకున్నారు, పాలిష్ లేనిది. అడుగు 28 చొప్పున వృథాతో కలిపి 5,600. పరచడానికి, సందులు పూడ్చడానికి, సిమెంటు ఇసుకలకు 10 వేల చిల్లర. మొత్తం 38 వేల లోపే తేలింది. మిగిలిన ఏడువేలను భార్య చేతికిచ్చి, ఏడాది దాకా కదిలించొద్దన్నాడు.

గృహప్రవేశం నాడు అతని నేలను ఎవరూ మెచ్చుకోలేదు. "పార్కింగే గదా, పోనీలే," అన్నారు.

మొదటి వానకు అన్న కూతురు స్కూటీ లోపలికి ఎక్కిస్తూ జారి పడింది. మోకాలు చెక్కుకుపోయింది. వాటం లేక నీళ్ళు ఇంటి గుమ్మం వైపుకే వచ్చి నిలిచాయి. రెండో ఎండాకాలంలో, ఎడమ ముందు చక్రం ఆగే చోట ఒక టైలు మూలకు మూల పగిలింది. తర్వాత దాని పక్కది.

మేస్త్రీ వచ్చి జేబులోంచి రూపాయి బిళ్ళ తీశాడు. ఒక్కో టైలు మీద కొట్టుకుంటూ పోయాడు. గోడవారన టక్ టక్ మంది. చక్రాల గీత మీదికి వచ్చేసరికి డబ్ డబ్ మని డొల్లగా పలికింది. ఇరవై దాకా డొల్లవే. మట్టి దిగింది, పలచని కాంక్రీటు విరిగింది, పైనున్న టైలు గాలిలో నిలిచింది. ఎంత ఖరీదైన టైలైనా గాలిలో నిలబడి పావుటన్ను మోయలేదు.

టైల్స్ పీకించేశాక అన్నకు ఎవరో ఎపాక్సీ పూత గురించి చెప్పారు. పగుళ్ళు పూడ్చి, ఉన్న కాంక్రీటు మీదే రంగులా పూసేస్తే మళ్ళీ మెరిసిపోతుందన్నారు. మేస్త్రీ వాదించలేదు. సాయంత్రం మూరెడు చదరాన పాలిథిన్ కాగితం నేలమీద పరిచి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపుతో అతికించి పోయాడు. పొద్దున్నే అన్నదమ్ములూ మేస్త్రీ కూర్చుని దాన్ని ఎత్తి చూశారు. కాగితం లోపల సన్నటి నీటిబొట్లు. కింద కాంక్రీటు నల్లగా చెమ్మ తేలి ఉంది.

"భూమి ఊపిరి తీసుకుంటా ఉంది నాయనా. దీని మీద పూత నిలవదు. మన ఊరి ఎండకు కాలిన టైరు వచ్చి నిలిచిందంటే, తీసేటప్పుడు పొరంతా దానికే అంటుకుని వస్తాది."

అన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "తమ్ముడికి చేసినట్టే చెయ్యి మామా. మొదట్నుంచీ," అన్నాడు. పాత టైల్స్ పోనూ, పీకిన కూలీ, చెత్త తోలిన ట్రాక్టరు బాడుగ కూడా పెట్టుకుని, రెండోసారి పూర్తి ఖర్చు భరించాడు.

తమ్ముడి నేలకూ ఒక దెబ్బ తగిలింది, అదీ చెప్పాలి. బండల మీద సిమెంటు చారలు పోవాలని ఒకరోజు బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోశాడు. బుస్సుమని పొంగి, ఆ మేర తెల్లగా పాలిపోయింది. తల్లి అర చెక్క నిమ్మకాయ తెచ్చి, మూలన మిగిలిన బండముక్క మీద పిండి చూపించింది. అదీ సన్నగా పొంగింది. నాపరాయి సున్నపురాయి జాతి. పులుపు తగిలితే కరుగుతుంది. ఆ మచ్చ పోలేదు. అప్పట్నుంచి నూనె పడితే వెంటనే రంపపు పొట్టు చల్లి, అది పీల్చుకున్నాక ఊడ్చి, సబ్బునీళ్ళతో కడుగుతున్నాడు.

ఈ కథ చెప్పే నీతి: నేల డబ్బును కింది నుంచి పైకి ఖర్చు పెట్టాలి. పై రాయిని కంటి కోసం కాక, దాని మీద నిలబడేదాని కోసం ఎంచుకోవాలి.

టైల్స్ చెడ్డవని నేననడం లేదు. గరుకుగా, మందంగా, పార్కింగ్ కోసమే చేసినవి మంచి కాంక్రీటు మీద, కింద ఖాళీ లేకుండా నిండుగా మసాలా వేసి అతికిస్తే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. గరుకు చేసిన గ్రానైట్ ఇంకా గట్టిది, కాస్త ఖర్చైనా నూనెను తొందరగా తాగదు. ఎపాక్సీ కూడా మంచిదే. కొత్త కాంక్రీటుకు 28 రోజులు గడిచి, పాలిథిన్ కింద చెమ్మ కనిపించకుండా, నేరుగా ఎండ పడని చోటైతే వేసుకోవచ్చు. ఎండ తగిలితే పసుపు తిరుగుతుంది. ఏది వేసినా ఒక పెట్టె టైల్స్ గానీ నాలుగు బండలు గానీ అటక మీద దాచుకోండి. రెండేళ్ళ తర్వాత అదే రంగు దొరకడం కష్టం.

మన దగ్గర ఇల్లు కట్టేవాళ్ళు హాలు టైల్స్ కోసం పది షాపులు తిరుగుతారు. పార్కింగ్ నేలను మాత్రం చివర్లో మిగిలిన డబ్బుకు వదిలేస్తారు. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ బరువు మోసే నేల అదే. షాపుకు వెళ్ళేముందు మీ మేస్త్రీని కూర్చోబెట్టి అడగండి: కింద మట్టికి దిమ్మిస ఎన్నిసార్లు కొడతావు, కాంక్రీటు ఎన్ని అంగుళాలు, వాటం ఎటు, నీళ్ళు ఎన్ని రోజులు? ఈ నాలుగింటికీ జవాబులు కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.