తుక్కు చెప్పే తీర్పు

కంప్యూటరు రిపేరు షాపుల్లో తరచుగా వినపడే మాట ఒకటుంది: "బోర్డు పోయిందండీ." పోయిందని ఎలా తెలిసిందంటే చాలాసార్లు వచ్చే జవాబు, "ఆన్ అవట్లేదు కదా" అని. ఆన్ అవకపోవడానికి బోర్డు పోవడం ఒక కారణం మాత్రమే. కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ పోయి ఉండొచ్చు. ర్యామ్ అంచుకి మకిలి పట్టి ఉండొచ్చు. ఏమీ పోకుండా పెట్టె మీది బటన్ ఒక్కటే విరిగి ఉండొచ్చు. మూత వేసిన పెట్టెలో ఇవన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి, నల్లటి స్క్రీన్‌లా. అందులోంచి ఎవరో ఒకర్ని దోషిగా తేల్చాలి. కస్టమరు ఎదురుగా నిలబడి ఉన్నాడు కాబట్టి తొందరగా తేల్చాలి.

టెస్ట్ బెంచ్ అనేది ఈ తొందరకి విరుగుడు. పేరు పెద్దదే గానీ వస్తువు చిన్నది. పెట్టె లేని కంప్యూటరు, అంతే. ఒక బల్ల, దానిమీద ఆరేసినట్టు మదర్‌బోర్డు, పక్కనే ఎస్‌ఎంపీఎస్. ప్రతి ముక్కా చేతికందేలా, రెండు నిమిషాల్లో తీసి ఇంకోటి పెట్టేలా ఉంటుంది. బాగుందని తెలిసిన నాలుగు ముక్కల మధ్య అనుమానం ఉన్న ఐదోదాన్ని పెట్టి చూస్తారు. నడిస్తే అది నిర్దోషి.

ఇలాంటిది కొత్తగా అమ్ముతారు కూడా, మెరిసే ఫ్రేముతో. సిరిసిల్లలో బీవై నగర్ దగ్గర చిన్న షాపు నడిపే మా చిన్నాయన కొడుకు దాన్ని కొనలేదు, చేసుకున్నాడు. ఆ ఊళ్ళో పవర్‌లూమ్‌ని సాంచె అంటారు. సాంచెల పాత సామాను తుక్కుకి పోయేచోట దొరికిన చెక్కపలక, ఇనుప యాంగిల్ ముక్కలు తెచ్చి బల్ల నిలబెట్టాడు. మదర్‌బోర్డు అడుగున వందల కొద్దీ టంకం చుక్కలుంటాయి, వాటికి ఇనుము తగిలితే షార్టే. అందుకని బోర్డుని కాస్త ఎత్తులో నిలపాలి. దానికి పాతకాలం చెక్క కండెల్ని ముక్కలుగా కోసి కాళ్ళలా పెట్టాడు. నూలు చుట్టిచుట్టి నున్నబడిన చెక్క, కరెంటుని పోనివ్వదు. ఆన్ చెయ్యడానికి కాలింగ్ బెల్ స్విచ్. నవ్వొస్తుంది గానీ ఆలోచిస్తే సరిగ్గా అదే కావాలి: నొక్కినంతసేపే కలిసి, వదిలెయ్యగానే విడిపోయే స్విచ్. బోర్డు, ప్రాసెసరు, ఒక ర్యామ్ ముక్క సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌వి. గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్న రకం తీసుకున్నాడు, విడిగా కార్డు కొనే పని లేకుండా. బీప్ శబ్దం చేసే బుల్లి స్పీకరు ఎవరో పారేసిన పెట్టెలోది. ఒక్క ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తది, పేరున్న కంపెనీది. మొత్తం ఖర్చులో సగం దానికే అయిందట. ఆ సగం ఎందుకో తర్వాత చెప్తాను.

(మగ్గం, కంప్యూటరు అనగానే జకార్డు కథ వస్తుందని మీరు ఎదురుచూస్తూ ఉండొచ్చు. 1804 నాటి ఆ చిల్లుల అట్టలు, వాటిని చూసి బాబేజ్‌కి కలిగిన ఆలోచన, అన్నీ నిజమే. కానీ సిరిసిల్లలో ఎక్కువగా ఆడినవి ఏ బొమ్మా లేని సాదా గుడ్డ నేసే సాంచాలు. ఆ చుట్టరికం ఇక్కడ కలపడానికి నాకు మనసొప్పదు.)

నాకు ఆసక్తి కలిగించింది బెంచ్ కన్నా దాన్ని చూసి ఒక ఆసామి అడిగిన ప్రశ్న. ఆసామి అంటే నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకుని, యజమాని దగ్గర నూలు తెచ్చి, మీటరుకింత అని కూలికి నేయించి ఇచ్చే మనిషి. కూతురి కోసం సెకండ్ హ్యాండ్ కంప్యూటరు అడగడానికి వచ్చాడు. బెంచ్‌ని ఎగాదిగా చూసి, "ఇది గూడ తుక్కే గదరా. తుక్కు మంచిదో చెడ్డదో ఇంకో తుక్కు ఎట్ల చెప్తది?" అన్నాడు.

బంగారాన్ని గీటురాయి మీద గీసి చూస్తారు. గీటురాయి బంగారం కాదు. అది వేరే జాతి, దానికి బంగారంతో పోటీ లేదు, చుట్టరికమూ లేదు. అందుకే దాని మాట చెల్లుతుంది. బెంచ్‌కి ఆ సౌకర్యం లేదు. పరీక్షించేదీ పరీక్షకి వచ్చేదీ ఒకే కుప్పలోంచి వచ్చినవి. నిన్న అనుమానితుడుగా వచ్చిన ర్యామ్ ఇవాళ సాక్షిగా బోనులో ఉంది.

ఈ ప్రశ్నని మన తార్కికులు శతాబ్దాలపాటు నమిలారు. ప్రామాణ్యవాదం అని దానికి పేరు. కుమారిల భట్టు వైపు మీమాంసకులు ఏమన్నారంటే, జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణం. తప్పని తేలేదాకా దాన్ని నమ్మాల్సిందే. నైయాయికులు ఒప్పుకోలేదు. జ్ఞానం తన గురించి తాను సాక్ష్యం చెప్పుకోలేదు, బయటినుంచి ఇంకోటి వచ్చి రుజువు చెయ్యాలన్నారు. మరి ఆ ఇంకోదాన్ని ఎవరు రుజువు చేస్తారు, దాని తర్వాతిదాన్ని ఎవరు చేస్తారు, ఇది అనవస్థ కదా అని మీమాంసకుల ఎదురుదాడి. నైయాయికుల దగ్గర దీనికొక దిట్టమైన జవాబుంది. వాత్స్యాయనుడి న్యాయభాష్యం మొదలవడమే ఆ మాటతో మొదలవుతుంది: ప్రవృత్తి సామర్థ్యం. అంటే పనిలోకి దిగితే ఫలితం రావడం. దూరాన కనపడింది నీళ్ళేనా? వెళ్ళి తాగు. దాహం తీరితే నీళ్ళే.

బెంచ్ మీద జరిగేది అచ్చంగా ఇదే. మొదట ముక్కలన్నీ అనుమానితులే. అన్నీ కలిపి నొక్కితే ఒక చిన్న బీప్ వచ్చిందంటే, అందరూ ఒకరి తరఫున ఒకరు సాక్ష్యం చెప్పినట్టు. ఆ గుంపు మొత్తాన్ని ఒక రాత్రంతా మెమరీ పరీక్షలో నడిపిస్తే నమ్మకం ఇంకొంచెం గట్టిపడుతుంది. ఒడ్డుకి చేరే వీల్లేక, నడిసముద్రంలోనే పలక తర్వాత పలక మార్చుకుంటూ ఓడని బాగుచేసుకునే నావికుల పోలికని వియన్నాకి చెందిన ఆటో నోయ్‌రాత్ చెప్పాడు. సిరిసిల్లలో సముద్రం లేదు, మానేరు ఉంది. అయినా పోలిక అతుకుతుంది. కాబట్టి ఆసామికి జవాబు: చెప్తది, కానీ పనిచేసి చూపిస్తేనే చెప్తది.

తర్కం ఇక్కడ ఆగిపోవచ్చు. షాపులో ఆగదు. సెకండ్ హ్యాండ్ బజారులో కాసేపు కూర్చుంటే ఇంకోటి కనపడుతుంది. అమ్మేటప్పుడు వ్యాపారి మీమాంసకుడు: "మస్తుగ ఉంది, నడవకపోతే తెచ్చి ఇయ్యిరి." చెడ్డదని నువ్వు నిరూపించేదాకా అది మంచిదే. అదే వ్యాపారి నీ పాత కంప్యూటరు కొనేటప్పుడు నిమిషంలో నైయాయికుడవుతాడు: "ఏం గ్యారంటీ, అన్నీ చెక్ చెయ్యాలె, లోపల ఏం పోయిందో." మంచిదని నువ్వు నిరూపించేదాకా అది తుక్కే. రుజువు భారం రెండుసార్లూ ఎదుటివాడి మీదే పడుతుంది. ఆ ఎదుటివాడు ఎప్పుడూ తక్కువ డబ్బు, తక్కువ తీరిక ఉన్న మనిషి. జ్ఞానం గురించిన ప్రశ్న అనుకున్నది ఇక్కడికొచ్చేసరికి న్యాయం గురించిన ప్రశ్న అయి కూర్చుంది.

తీర్పు రెండు రకాలుగా తప్పొచ్చు. చెడ్డదాన్ని మంచిదంటే, మూడు నెలల కూలి పోసి కొన్న కంప్యూటరు పరీక్షల ముందు ఆగిపోతుంది. మంచిదాన్ని చెడ్డదంటే, ఇంకో అయిదేళ్ళు నడిచే బోర్డు కిలోల లెక్కన పోతుంది. ఎవరో దాన్ని ఏ రక్షణా లేకుండా కాల్చి రాగి తీస్తారు, ఆ పొగ వాళ్ళే పీలుస్తారు. దేశంలో ఈ-వేస్ట్ నియమాలు 2011 నుంచీ ఉన్నాయి, 2022లో తిరగరాసినవి 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. తయారీదారుల మీద బాధ్యత పెట్టడం వరకూ అవి మంచివే. కానీ వస్తువు ఈ-వేస్ట్‌గా మారే ఆ క్షణం, "పోయింది, పక్కన పడెయ్" అన్న క్షణం, ఏ నియమానికీ దొరకదు. అది ఒక షాపులో ఒక మనిషి నోటినుంచి వస్తుంది. రెండు తప్పుల్లో దేనికీ ఆ మనిషి జేబులోంచి రూపాయి పోదు.

ఇప్పుడు కొత్త ఎస్‌ఎంపీఎస్ సంగతి. ముక్కల్లో ఇదొక్కటే ఇతరుల్ని చంపగలదు. ర్యామ్ చెడితే తనవరకే. ఎస్‌ఎంపీఎస్ చెడి 12 వోల్టుల తీగలో ఎక్కువ పంపిందంటే బోర్డునీ డిస్కునీ తీసుకునే పోతుంది. అందుకే మావాడు అనుమానం ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ని తిన్నగా బెంచ్ బోర్డుకి తగిలించడు. ముందు ఆకుపచ్చ తీగనీ నల్ల తీగనీ కలిపి విడిగా లేపుతాడు. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన నమ్మడు. పసుపు, నల్ల తీగల మధ్య బండి హెడ్‌లైట్ బల్బు కట్టి, బరువు మోస్తుండగా మల్టీమీటరు పెడతాడు. 11.4కీ 12.6కీ మధ్య నిలబడితేనే లోపలికి రానిస్తాడు. ప్రమాదం ముందు అతి చవకైన వస్తువు మీదుగా పోవాలి, ఖరీదైనదీ మళ్ళీ దొరకనిదీ చివర రావాలి. ఇది అతను ఎక్కడా చదివింది కాదు. బయట మాత్రం సెకండ్ హ్యాండ్ బజారు నడిచేది సరిగ్గా దీనికి తలకిందులుగా. అక్కడ బల్బు స్థానంలో కొనేవాడు ఉంటాడు.

సిరిసిల్లకి ఈ సంగతి కంప్యూటర్ల కంటే ముందే తెలుసు. చేనేత చితికిపోతున్న రోజుల్లో భీవండీకీ షోలాపూర్‌కీ వలసపోయిన నేతగాళ్ళు అక్కడ సాంచె పని నేర్చుకున్నారు. అక్కడ ఒక జీవితం ఆడి అరిగిన సాంచాలు చాలా తర్వాత ఈ ఊరికొచ్చాయి. ఒకచోట తుక్కు, ఇంకోచోట జీవనాధారం. వాటిని ఏళ్ళకేళ్ళు ఆడించడం మామూలు నైపుణ్యం కాదు. చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పే జాబర్లున్న ఊరది. ఆ నైపుణ్యానికి దణ్ణం పెట్టాక కూడా ఒక మాట మిగులుతుంది. పాత యంత్రం ఒంటరిగా రాలేదు. తనతోపాటు తన పాత మార్కెట్‌ని, అంటే లంగా గుడ్డ, చవక పాలిస్టరు, మీటరుకి పైసల్లో లెక్కపెట్టే లాభాన్ని తెచ్చుకుంది. వేరేచోట గిట్టుబాటు కాదని వదిలేసిన పనిని చవకగా చెయ్యడమే ఊరి వృత్తి అయింది. 2000 తర్వాత ఆ ఊరి పేరు పత్రికల్లో నేతన్నల ఆత్మహత్యలతో కలిసి కనపడింది. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డరిచ్చాక కొన్నేళ్ళు ఊపిరాడింది. ఒక్క కొనుగోలుదారు మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో తర్వాతి కథ.

అందుకే "జుగాడ్" అన్న మాట వింటే నాకు కొంచెం చిరాకు. లేమిలోంచి పుట్టిన తెలివికి చప్పట్లు కొట్టడం తేలిక, అందులో ఖర్చేమీ లేదు. చింతకింది మల్లేశం ఆసు యంత్రానికి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఆయన పొదుపు కళని ప్రదర్శించడానికి ఆ యంత్రం చెయ్యలేదు. ఆసు పోసిపోసి వాళ్ళమ్మ భుజం పడిపోతుంటే చూడలేక చేశాడు. మనం ఆ భుజాన్ని మర్చిపోయి తెలివినే గుర్తుపెట్టుకుంటాం. తుక్కుతో చేసిందల్లా గొప్పదనుకుంటే, తుక్కుతోనే సరిపెట్టుకోండి అనడానికి ఇంకొక్క అడుగే దూరం.

బెంచ్‌ని ఈ లెక్కలోంచి కాస్త పక్కకి తీస్తాను. సాంచె సరుకు తీసే యంత్రం. అది పాతదైతే ఆ పాతదనం గుడ్డలోకీ కూలిలోకీ దిగుతుంది. బెంచ్ సరుకేమీ తియ్యదు. అది తెలుసుకునే యంత్రం. పలక అల్మారాదైనా సాంచెదైనా అది చెప్పే నిజం చవకబారుది అయిపోదు, ఎక్కడ పొదుపు చెయ్యకూడదో తెలిసి చేసినంతవరకూ. పేదవాళ్ళకి పాత వస్తువులు దొరకడం కొత్త కాదు. ఆ వస్తువు ఎంత పాతదో, ఇంకెంత ఉందో కొనకముందే తెలియడం కొత్త.

ఇంతకీ ఆసామి కంప్యూటరు కొన్నాడు. మావాడు అమ్మే ప్రతి పెట్టె మీదా చేత్తో రాసిన చీటీ ఒకటి అంటిస్తాడు. దాని మీద ఇలా ఉంది: "ర్యామ్ రాత్రంతా నడిపి చూసినం. డిస్కు పాతది, ఫోటోలు వేరేచోట గూడ పెట్టుకోవాలె. బోర్డు మీద రెండు కెపాసిటర్లు మార్చినం. బ్యాటరీ కొత్తది. ఎస్‌ఎంపీఎస్ మూడు గంటలు చూసినం, అంతకంటె ఎక్కువ చూడలే."

ఆ చీటీ వల్ల బేరం పెరిగిందట. కెపాసిటర్లు మార్చారని చదివి ఆసామి మూడు వందలు తగ్గించమన్నాడు. వీధి చివర ఇంకో షాపులో చీటీ ఉండదు, అలాంటి పెట్టే అయిదు వందలు ఎక్కువకి పోతుంది.

"చీటీ తీసేస్తవా?" అని ఫోన్లో అడిగాను.

"తియ్య గని అన్నా, డిస్కు ముచ్చట చిన్న అక్షరాలల్ల రాద్దామా అని ఆలోచిస్తున్న" అన్నాడు.