పట్టణములో నీకెవరున్నారు?

చదువవలసిన వేదభాగములు: అపొస్తలుల కార్యములు 9:26-30; 11:22-26



తెల్లవారుజామున సికిందరాబాదు స్టేషనులో దిగి, ప్లాటుఫారము మీద కొంచెముసేపు నిలువబడి చూడుడి. వరంగల్లు, ఖమ్మము వైపు పల్లెలనుండి వచ్చిన పడుచువారు కొందరు కనబడుదురు. భుజాన సంచి, సంచిలో సర్టిఫికెట్లు, వాటి ప్రక్కనే తల్లి కట్టియిచ్చిన పచ్చడి సీసా. చేతిలో సెల్‌ఫోను ఉండును గాని, ఎవరికి ఫోను చేయవలెనో తెలియదు. చిలకలగూడలోగాని లాలాగూడలోగాని గది అద్దెకడిగినయెడల, ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: "ఈ ఊళ్ళో నీకెవరున్నారు?" పనికొరకు పోయినచోటను అదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని యౌవనస్థుని గూర్చి ఈ మాసము మనము ధ్యానింతము.

మొదట నా తప్పు ఒప్పుకొనవలెను. నేను పల్లెటూరి కాపరిని. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని కుర్రవాడొకడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చుకొని పట్టణమునకు బయలుదేరెను. ఇతడు మంచి నడవడి గలవాడని సంఘపు కాగితము మీద ఒక ఉత్తరము వ్రాసి, ముద్రవేసి, ప్రార్థన చేసి రైలెక్కించితిని. నా బాధ్యత తీరినదనుకొంటిని.

నాలుగు నెలలకు అతడు చిక్కి తిరిగివచ్చెను. ఒక షెడ్డులో తక్కువ కూలికి కుదిరి, జ్వరమువచ్చి నాలుగు రోజులు మానినందున పని పోగొట్టుకొనెనట. ఆదివారము గుడికి పోయి వెనుక బల్లమీద కూర్చుండి, ఆశీర్వాదమైన తరువాత ఎవరును పలుకరింపకయే తిరిగి గదికి పోయెడివాడట. నేనిచ్చిన ఉత్తరము మడత విప్పకుండ నా చేతికిచ్చి, "ఎవరికి చూపమంటారయ్యగారూ? ఈ సంతకం ఎవరిదో ఆ ఊళ్ళో ఎవరికి తెలుసు?" అనెను.

ఆ మాట నన్ను గ్రుచ్చెను. సెమినరీలో నాతో చదివిన స్నేహితులు ముగ్గురు సికిందరాబాదులోనే యున్నారు. వారి నంబర్లు నా ఫోనులోనే యున్నవి. వారిలో ఒక్కరితోనైనను నేను ఆ బిడ్డను గూర్చి మాటలాడలేదు. కాగితము నిచ్చితిని గాని మనిషిని ఇయ్యలేదు.

ఇప్పుడు వేదభాగము తట్టు చూతము. సౌలు యెరూషలేమునకు వచ్చెను. అతనికి చదువు తక్కువా? గమలీయేలు పాదములయొద్ద నేర్చుకొనినవాడు. ఉత్సాహము తక్కువా? దమస్కులో ధైర్యముగా బోధించి వచ్చినవాడు. అయినను శిష్యులు అతనిని నమ్మలేదు, భయపడిరి. తలుపులన్నియు మూయబడియుండెను. అట్టి సమయమున కుప్రకు చెందిన లేవీయుడైన బర్నబా ముందుకు వచ్చెను.

అతడు చేసిన పనులు మూడు. మొదటిది, అందరు దూరముగా నిలిచినప్పుడు దగ్గరకు పోయెను. రెండవది, ఫలానివారిని కలిసికొనుమని చెప్పి పంపివేయక, తానే వెంటబెట్టుకొని అపొస్తలులయొద్దకు పోయెను. మూడవది, సౌలును గూర్చి జరిగిన సంగతినే చెప్పెను. పొగడ్త ఏమియు కలుపలేదు. మనము సిఫారసు అనుదానికిని దీనికిని ఇదియే భేదము. సిఫారసు అర్హత లేనివానికి కుర్చీ సంపాదించిపెట్టును. బర్నబా చేసినది అర్హతయున్నవానికి తలుపు తెరచుట. దానికి తన మంచిపేరును పూచీగా పెట్టెను. సౌలు నిజముగా మారనివాడై యుండినయెడల బర్నబా పేరు కూడ చెడిపోయెడిది.

అంతటితో ఆగలేదు. సౌలు స్వంతపట్టణమైన తార్సునకు పోయి, కొంతకాలము మరుగున ఉండెను. అంతియొకయలో పని పెరిగినప్పుడు బర్నబా అతనిని వెదకుటకు తార్సు వరకు ప్రయాణమై పోయెను. తీసికొనివచ్చి ఒక సంవత్సరమంతయు తనతోకూడ పని చేయించెను. ఒకనాటి సలహా చాలదు. సంవత్సరకాలపు సహవాసము కావలెను. ఆ గ్రంథములో పేర్ల వరుసను గమనించుడి. మొదట బర్నబాయు సౌలును. కొంతకాలమునకు పౌలును బర్నబాయు. తాను పెంచినవాడు తనను మించినప్పుడు బర్నబా నొచ్చుకొనినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. తరువాత మార్కు విషయములో ఇరువురికి తీవ్రమైన భేదము వచ్చినప్పుడు, ఒకసారి విడిచిపోయిన ఆ పడుచువానిని బర్నబా చేపట్టెను. కడపటి దినములలో పౌలే మార్కును ప్రయోజకుడని పిలిపించుకొనెను (2 తిమోతి 4:11). పడినవానికి రెండవ అవకాశమిచ్చినవాడు లేకపోయినయెడల ఆ ప్రయోజకుడు మనకెక్కడ దొరకును?

ఇట్టి సంగతి మన ప్రాంతములోను జరిగియున్నది. సికిందరాబాదునుండి విజయవాడకు పోవు రైలు మార్గములో కాజీపేట దాటిన తరువాత డోర్నకల్ జంక్షను వచ్చును. అక్కడ పరిచర్య చేసిన వి.యస్. అజరయ్యగారు 1874లో తిరునల్వేలి ప్రాంతములో ఒక పల్లెటూరి కాపరి యింట పుట్టిన తమిళుడు. ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేసిన కాలమున షెర్వుడ్ ఎడ్డీ అను అమెరికా దేశస్థుడు ఆయనకు ఆప్తమిత్రుడాయెను. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు ఆయన చొరవతో స్థాపించిన మిషనరీ సంఘము డోర్నకల్ ప్రాంతమును తన పొలముగా ఎంచుకొనెను. 1909లో ఆయనయే అక్కడికి వచ్చి తెలుగు నేర్చుకొని పని చేసెను. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొరగారు ఆయనను గుర్తించి, తెల్లవారిలోను మనవారిలోను అభ్యంతరములు లేచినను వెనుదీయక ఆయన పక్షమున నిలిచిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్యగారు అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయిరి. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించిరి.

అయితే ఇంకొక సంగతి మరువరాదు. 1910లో ఎడిన్‌బరోలో కూడిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పడమటి దేశముల ప్రతినిధులే నిండియున్న ఆ సభయెదుట అజరయ్యగారు నిలువబడి, మిషనరీల త్యాగములను మెచ్చుకొనియు, మాకు కావలసినది స్నేహితులు అని అడిగిరి. మీదనుండి చేయిచాచి ఇచ్చు పోషకుడొకడు, ప్రక్కన కూర్చుండి తప్పును తప్పని చెప్పు స్నేహితుడొకడు. మొదటివానివలన కడుపు నిండును. రెండవవానివలన మనిషి ఎదుగును. 1930లో వైట్‌హెడ్ దొరగారును అజరయ్యగారును భారతదేశపు పల్లెలలోని సువార్తపనిని గూర్చి కలిసి ఒక పుస్తకము ప్రకటించిరి. పెంచినవాడును పెరిగినవాడును ఒక్క బల్లయొద్ద కూర్చుండి వ్రాసిరన్నమాట.

ఇక యౌవనస్థులారా, మీకొక మాట. మనిషిని కలిసిన మొదటి నిమిషముననే ఉద్యోగమిప్పించుమని అడుగకుడి. ఈ పనిలో నాకేమి కొదువగా ఉన్నదో చెప్పుడని అడుగుడి. పౌలు కొరింథుకు వచ్చినప్పుడు, తనవలెనే డేరాలు కుట్టు అకుల ప్రిస్కిల్లల యింట దిగెను (అపొ. 18:1-3). మీ చేతిపని తెలిసినవారిని మీరును వెదకుడి. ఒక్కరు చాలరు. పని తెలిసిన పెద్ద ఒకరు, ఊరు తెలిసిన స్నేహితుడొకడు, మొగమెదుట గద్దించు ధైర్యము గలవాడొకడు కావలెను. తెలియనిదానిని తెలిసినదని చెప్పకుడి. చెప్పితిరా, పూచీపడినవాని పేరు పోవును. పని దొరికినను దొరకకున్నను ఆ సంగతి వారికి తెలుపుడి. మన కులమువారు, మన ఊరివారు అని గిరిగీసికొనకుడి. తమిళుడొకడు మన తెలుగు పల్లెలకు దిక్కు కాలేదా?

పట్టణములో స్థిరపడిన పెద్దలారా, మీకును ఒక మాట. చెరసాలలో యోసేపువలన ఆదరణ పొందిన పానదాయకుల అధిపతి, తన ఉద్యోగము తనకు తిరిగి దొరకగానే యోసేపును మరచిపోయెను. ఆ మరపు ఖరీదు నిర్దోషికి మరి రెండు సంవత్సరముల చెర. అధిపతి పగవాడు కాడు. అన్నము తిని సుఖముగా మరచిన మంచివాడే. మీరును ఒకనాడు ఆ స్టేషనులోనే సంచితో దిగినవారు గదా? ఆదివారము ఆరాధన కాగానే ఇంటికి త్వరపడక, వెనుక బల్ల తట్టు ఒక్కసారి చూడుడి. సహోదరీలారా, ఒంటరిగా వచ్చిన ఆడబిడ్డకు భద్రమైన హాస్టలు ఎక్కడనో, ఏ ఇంటిలో అద్దెకు దిగవచ్చునో మీకు తెలిసినట్లు పురుషులకు తెలియదు. సంఘపు పుస్తకములో చందాల లెక్క యున్నట్లే, ఎవరు ఏ పని తెలిసినవారో వ్రాసిన పుట ఒకటి యుండరాదా?

మా కుర్రవాని సంగతి చెప్పి ముగించెదను. రెండవసారి నేనే అతనితో రైలెక్కితిని. నా స్నేహితుడు తన సంఘములోని పెద్ద ఒకరియొద్దకు మమ్మును తీసికొనిపోయెను. ఆయన రైల్వే వర్కుషాపులో పనిచేసి రిటైరైన ఫిట్టరు. కుర్రవాని చేతికి ఆకురాయి ఇచ్చి, ఒక ఇనుపముక్కను చదును చేయించి చూచి, "చెయ్యి మంచిదే బాబూ, డ్రాయింగు చదవడం రాదు, అదే నీ లోటు" అనెను. నేనెన్నడును ఎరుగని లోటు అది! ఆరు నెలలపాటు శనివారము సాయంత్రములు తన యింటనే నేర్పి, తరువాత తానే వెంటబెట్టుకొనిపోయి ఒకచోట పనిలో పెట్టెను. పోయిన వేసవిలో మా ఊరినుండి మరియొక పిల్లవాడు పట్టణమునకు పోవలసివచ్చెను. నేనేమియు చెప్పకమునుపే మన ఫిట్టరు ఫోనుచేసి, "ఏ బండికి ఎక్కించారయ్యగారూ? నేను స్టేషనుకు వెళ్తాను" అనెను.

మనలను దాసులని పిలువక స్నేహితులని పిలిచిన ప్రభువు (యోహాను 15:15), వెదకబడిన మనలను వెదకువారినిగా చేయునుగాక. ఆమేన్.