అస్మా (రజి) తలమీది మూట



అనంతపురం జిల్లాలో వేరుశనగ పీకే రోజుల్లో ఏ పొలం గట్టు మీదికైనా వెళ్లి చూడండి. వేపచెట్టుకు పాతచీర ఉయ్యాల కట్టి, చంటిబిడ్డను అందులో పడుకోబెట్టి, తల్లి సాళ్లలో వంగి పని చేస్తుంటుంది. పొద్దుగూకాక ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తుంది, గేదెకు గడ్డి వేస్తుంది. వాన మొహం చాటేసిన ఏడాది ఆమె కమ్మలే ముందు తాకట్టుకు పోతాయి. ఆ తల్లితో మనం ఏమంటాం? సహనం వహించమ్మా, అల్లాహ్ చూస్తున్నాడు అంటాం. ఆ మాట సత్యమే. కానీ అది చెప్పడానికి మనకు పైసా ఖర్చు కాదు.

హజ్రత్ అబూబక్ర్ (రజి) కుమార్తె అస్మా (రజి) జీవితం చూడండి. జుబైర్ (రజి)తో వివాహమయ్యేనాటికి ఆయనకున్నది ఒక గుర్రం, నీళ్లు తోడే ఒంటె. గుర్రానికి మేత వేయడం, నీళ్లు తేవడం, చిరిగిన తోలు బొక్కెన కుట్టడం, పిండి పిసకడం అన్నీ ఆమే చేసేవారు. రొట్టెలు కాల్చడం మాత్రం సరిగా వచ్చేది కాదు. పొరుగింటి అన్సారీ స్త్రీలు కాల్చిపెట్టేవారు. దైవప్రవక్త (స) జుబైర్ (రజి)కు ఇచ్చిన భూమి నుండి ఖర్జూరపు గింజలను ఆమె తలమీద మోసుకొచ్చేవారు. దూరం సుమారు రెండు మైళ్లు. ఆ భూమి బనూ నజీర్ ఆస్తుల్లోనిది, అంటే ఇది హిజ్రీ 4 తర్వాతి మాట. మదీనాలో ముహాజిర్ల ఇంట పుట్టిన తొలిబిడ్డ అబ్దుల్లాహ్ అప్పటికి ఆమె చేతుల్లో పెరుగుతున్నాడు.

ఒకరోజు ఆమె మూటతో వస్తుండగా దైవప్రవక్త (స) కొందరు అన్సార్లతో కలిసి ఎదురయ్యారు. ఆమెను పిలిచి, తమ వెనుక ఎక్కించుకోవడానికి ఒంటెను కూర్చోబెట్టబోయారు. పురుషుల మధ్య ప్రయాణమని ఆమె సిగ్గుపడ్డారు, భర్త రోషం గుర్తుచేసుకున్నారు. ఆయన (స) అది గ్రహించి ముందుకు సాగిపోయారు. విషయం విన్న జుబైర్ (రజి), ఆమె ప్రవక్త (స)తో ఒంటె ఎక్కడం కంటే తలమీద గింజలు మోయడమే తనకు ఎక్కువ బాధగా ఉందన్నారు. తర్వాత తండ్రి అబూబక్ర్ (రజి) గుర్రం పని చూడటానికి ఒక సేవకుణ్ణి పంపారు. తనకు బానిసత్వం నుండి విముక్తి లభించినట్లయిందని ఆమె చెప్పుకున్నారు.

గమనించండి. ఇందులో ఎవరూ ఆమెకు సహనం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. పొరుగువారు రొట్టె కాల్చారు, ప్రవక్త (స) వాహనం ఆపారు, తండ్రి మనిషిని పంపారు. ఈ హదీసు మనకు చేరింది ఆమె చిన్న కొడుకు ఉర్వా (రహ్మ) ద్వారా. మదీనా ఏడుగురు ప్రసిద్ధ ధర్మవేత్తల్లో ఆయన ఒకరు. తన తల్లి గింజలు మోసిన సంగతిని అంతటి విద్వాంసుడు శిష్యులకు పాఠంగా చెప్పాడు. పొలంపని చేసే తల్లిని పదిమందిలో పరిచయం చేయడానికి మొహమాటపడే చదువుకున్న కొడుకులు మనలో లేరా?

మన హనఫీ ధర్మశాస్త్రంలో ఇంటిపని భార్యకు నైతిక బాధ్యతే, ఖాజీ తీర్పుతో బలవంతపెట్టే విషయం కాదు. భార్యాబిడ్డల పోషణ భారం పురుషుడిది. కాబట్టి ఆమె పొలంలో చేసే చాకిరీ కుటుంబానికి ఆమె చేస్తున్న మేలు. దాన్ని హక్కుగా వసూలు చేసుకుంటున్నవారు ఆలోచించాలి.

భర్త చనిపోతే? అప్పు తీర్చి, వీలునామా ఉంటే అమలుచేశాక, పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు రావాలని దివ్యఖుర్ఆన్ నిర్ణయించింది. మన పల్లెల్లో ఏం జరుగుతోంది? పట్టాదారు పాసుపుస్తకం మరుదుల చేతికి, అప్పులవాళ్లు మాత్రం ఆమె గుమ్మం ముందుకు!

హిజ్రీ 36లో జుబైర్ (రజి) అమరులయ్యారు. అప్పటికి అస్మా (రజి) ఆయన నుండి విడిపోయి ఉన్నారు. ఆయనకు 22 లక్షల అప్పు ఉంది. ఆ తల్లి పెంచిన అబ్దుల్లాహ్ (రజి) భూములు అమ్మి అప్పు తీర్చారు. ఆస్తి పంచమని తోబుట్టువులు అడిగినా ఒప్పుకోలేదు. అప్పులవారెవరైనా ఉంటే రావాలని నాలుగేళ్లపాటు హజ్ సమయంలో ప్రకటించారు. ఆ తర్వాతే పంపకం చేశారు. తండ్రి భార్యలు నలుగురికి, ఒక్కొక్కరికి 12 లక్షల చొప్పున ముట్టింది.