నారాయణుని నివాసము



పట్టిసీమ రేవున పడవనెక్కి దేవకూటాద్రిని చేరి, వీరభద్రస్వామిని, క్షేత్రపాలకుడైన భావనారాయణస్వామిని సేవించి ధన్యులమగుచున్నాము. నారములనగా జలములు, అవియే అయనముగా, అనగా నివాసముగా గలవాడు నారాయణుడు. కొండపై మ్రొక్కి, క్రింద నీటిని మలినపరచినచో ఆయన యింటినే మలినపరచినట్లు కాదా?

నా బాల్యమున అరటిదొప్పలో దీపమును విడిచెడివారము. అది కుళ్ళి మట్టిలో కలిసెడిది. నేటి ప్లాస్టిక్, థర్మోకోల్ దొప్పలు కుళ్ళవు. తునుకలై చేపల కడుపున చేరును. సబ్బునురుగు, విడిచిన బట్టలు, ఊళ్ళ మురుగు దీనికి తోడు. మురుగు కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి జలచరములకు ఊపిరాడదు.

“పారు నీటికి దోషమేమి?” అని కొందరందురు. పారునది మన క్రిందివారి బిందెలోనికే గదా! దిగువన రాజమహేంద్రవర మున్నది. 2015-16లో నిర్మించిన ఎత్తిపోతల పథకముతో ఇచటి నీరు కృష్ణకును చేరుచున్నది. నీటిలో మలమూత్రములను విడువరాదు, ఉమ్మివేయరాదు అని తైత్తిరీయారణ్యకము ఏనాడో శాసించినది.

కావున సబ్బు లేకయే మునుగుదము. తడిబట్టలను ఇంటికి తెచ్చుకొందము. ఆకుదొప్పనే వాడుదము. నిర్మాల్యమును చెట్టు మొదట ఉంచుదము. ఊరి మురుగు శుద్ధియైన పిమ్మటనే నదిని చేరునట్లు పంచాయతీ పెద్దలను అడుగుదము. ఇదియు భగవత్కైంకర్యమే.