దిగి వెళ్లిపోయాక

సైన్యం వేలంలో అమ్మేసిన పాత ట్రక్కు ఒకటి, 1959లో జబల్‌పూర్‌లో తయారీ మొదలైన శక్తిమాన్ లాంటిది, మన షోలాపూర్ సాఖర్ పేటలోకి నూలు మూటలతో వచ్చిందనుకుందాం. డ్రైవరు గల్లీలో బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు లాగి, సంతకం కోసం కార్ఖానాలోకి పోయాడు. బండి వెనుక పిల్లలు ఆడుకుంటున్నారు. బ్రేకు సడలి ఉంది. ఒకరోజు బండి కదలలేదు. మరోరోజు, అదే సడలిన బ్రేకుతో, కదిలింది. రెండు రోజులూ డ్రైవరు తప్పు ఒక్కటేనా?

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు ఈ చిక్కును 'నైతిక అదృష్టం' అనే పేరుతో చర్చకు పెట్టారు. నేగెల్ చెప్పిన ఉదాహరణల్లో బ్రేకులు చూపించుకోని ట్రక్కు డ్రైవరు ఒకడు. పిల్లవాడు అడ్డం వస్తే జీవితాంతం దోషి, రాకపోతే ఒట్టి అజాగ్రత్త మనిషి. చట్టం కూడా ఇలాగే తూస్తుంది. 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా జైలు, ప్రాణానికి అపాయం తెచ్చి ఊరుకుంటే మూడు నెలల దాకా. మన పెద్దలైతే కర్మ అని ఉండేవారు. ఆ మాట బ్రేకును బిగించదు.

నేగెల్ చెప్పింది నడిచే బండి సంగతి. హ్యాండ్‌బ్రేకు ఇంకాస్త వేరు. కాలిబ్రేకు మెత్తబడితే తొలి మలుపులోనే డ్రైవరు గుండె జారుతుంది. హ్యాండ్‌బ్రేకు పని మొదలయ్యేది అతను దిగిపోయాకే.

మన మగ్గాలనే చూడండి. పవర్‌లూమ్‌కూ బ్రేకు ఉంది. పేక తెగితే ఫోర్కు పసిగట్టి మగ్గాన్ని ఆపిస్తుంది. బ్రేకు సడలితే మగ్గం వెంటనే నిలవక, పేక లేకుండానే ఒకటి రెండు దెబ్బలు కొడుతుంది. చద్దరులో సందు పడుతుంది. పీసు లెక్కన కూలి తీసుకునేవాడికి అది నేరుగా తగిలే దెబ్బ, అందుకే జాబరును ఆ పూటే పిలుస్తాం. ట్రక్కు హ్యాండ్‌బ్రేకు సడలితే ఏ చద్దరులోనూ కనబడదు. మన తప్పు మనకే తగిలేచోట మనమెంత శ్రద్ధగలవాళ్లమో!

చాలా పాత మిలిటరీ ట్రక్కుల్లో హ్యాండ్‌బ్రేకు చక్రాలను పట్టదు. గేరుపెట్టె వెనుక తిరిగే షాఫ్టు మీది డ్రమ్మును పట్టుకుంటుంది. లైనింగు అరిగేకొద్దీ లివరును ఇంకా ఇంకా లాగాల్సి వస్తుంది. మరీ బిగిస్తే బండి నడిచేటప్పుడు రాసుకుని, వేడెక్కి, లైనింగు కాలిపోతుంది. సరిచేయాలంటే చక్రాలకు అడ్డు పెట్టి బండి కింద దూరాలి. ఆ తర్వాత ఏటవాలు మీద, బరువుతోనే పరీక్షించాలి, ఖాళీ బండిని ఆపిన బ్రేకు నిండు బండిని ఆపుతుందన్న నమ్మకం లేదు. అన్నీ సరిగ్గా ఉన్నా, ఒక వెనుక చక్రాన్ని జాకీతో లేపితే ఆ చక్రం గాలిలో తిరిగి, బండి జారిపోగలదు. కనుక చక్రం కింద రాయి పెట్టే డ్రైవరును చూసి నవ్వకండి. అయితే రాయిని నమ్ముకుని బ్రేకును వదిలేసినవాడు, రాయి దొరకని రోజున ఏం చేస్తాడు?

శిక్షలో తేడా ఉండవచ్చు, కాదనను. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి రెండు రోజులూ ఒకటేనని చెప్పలేం. కానీ ఏమీ జరగని రోజున డ్రైవరు నిశ్చింతగా చాయ్ తాగి బండెక్కడం నాకు మింగుడుపడదు. పిల్లలు బతికింది అతని వల్ల కాదు.

ఇక బండి కింద గడిపే ఆ పూట ఎవరి ఖాతాలోది? ట్రిప్పు లెక్కన బతికేవాడికి అది కూలి లేని పూట. బండి యజమాని రేపు చూద్దామంటాడు. కేసు అయితే ముందు పట్టుకుపోయేది స్టీరింగు పట్టినవాణ్ణే. నేనైతే ఆ పూట కూలి యజమానే ఇవ్వాలంటాను. నూలు దింపించుకునే కార్ఖానాదారు కూడా సంతకం పెట్టేముందు ఒకసారి బయటికి వచ్చి, బ్రేకు ఎప్పుడు చూపించావని అడగవచ్చు. గల్లీలో ఆడుకునేది అతని మగ్గాల మీద పనిచేసేవాళ్ల పిల్లలే.